ఇనుము కలిపిన లెక్క

ఆ ఎండకాలం మా ఇంట్ల కూలర్ అత్తమ్మకు పెట్టలే, కంప్యూటర్‌కు పెట్టినం. అత్తమ్మే గట్ల పెట్టుమన్నది. "నాకు ఇసనకర్ర సాలు బిడ్డా. దానికి నోరు లేదాయె, ఉడుకపోస్తె చెప్పుకోలేదు" అని తన మంచం గోడ దిక్కు జరుపుకొని, కూలర్ మొఖం దాని దిక్కు తిప్పింది.

రెండు వేల రెండో సంవత్సరం అది. దబీర్‌పురాల రైల్వే స్టేషన్ ఎన్క గల్లీల మాది రెండర్రల ఇల్లు. మామయ్య కంచన్‌బాగ్‌ల లోహాల ఫ్యాక్టరీల కొలిమి కాడ పనిచేసి, నౌకరీల ఉండంగనే పోయిండు. ఇల్లు ఆయన కట్టిందే. అండ్ల నేను, నా భర్త డానియేలు, మా అత్తమ్మ ఆగమ్మ. ముందటర్రల మేం పండుకునేది, ఎన్కర్రల అత్తమ్మ. ఆమె అర్రల్నే ఒక మూలకు నా కంప్యూటర్.

నేను యూనివర్సిటీల కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తుంటి. గాజు సామాను, యాసిడ్లు ముట్టుకోని కెమిస్ట్రీ నాది. ఒక పదార్థంల ఏ లోహం ఎంత పెడితే దాని కట్టడి, అంటె లోపలి అమరిక, ఎట్ల మారుతదో కంప్యూటర్ల అణువులు పేర్చి లెక్క కట్టుడు. డానియేలుది దీనికి ఉల్టా. కంచన్‌బాగ్ పోయే తొవ్వల ఒక ట్రస్టోళ్లు చిన్న నీళ్ల ల్యాబు పెట్టిండ్రు. అండ్ల కాంట్రాక్టు మీద పనిచేస్తుండె. చేతులు ఎప్పుడూ తెల్లటి పొడితోని, మందుల వాసనతోని ఉండేటియి. ఎమ్మెస్సీల కలిసి చదివినం, కలిసి పాసైనం, ఇంట్లోళ్లను ఒప్పించి చర్చిల లగ్గం చేసుకున్నం. ఇద్దరి పనీ వచ్చి వచ్చి ఒక్క పదార్థం మీదనే పడ్డది. మెగ్నీషియం, అల్యూమినియం కలిపి చేసే హైడ్రాక్సైడ్. పొరలు పొరలుగ కట్టుకుంటది.

అత్తమ్మ ఒకనాడు తెర మీద తిరిగే రంగు రంగుల గుండ్లను చూసి, "ఇవేంది బిడ్డా, గోలీలా?" అని అడిగింది.

"అణువులు అత్తమ్మా. మీరు బొంతలు ఒకదాని మీద ఒకటి పేరుస్తరు సూడు, గట్ల పొరలుంటయి. బొంత నిండ మెగ్నీషియం. అండ్ల అక్కడక్కడ మెగ్నీషియం తీసి అల్యూమినియం కుడితె బొంతకు ఒక గుంజుడు వస్తది. గా గుంజుడుకు నీళ్లల్ల ఉన్న ఫ్లోరైడ్ వచ్చి రెండు బొంతల నడుమ చిక్కుతది."

"ఎంత అల్యూమినం కుడితె అంత గుంజుతదా?"

"అవు. కాని ఒక హద్దు దాంకనే."

"హద్దు దాటితె?"

"బొంత చిరుగుతది."

"ఆ హద్దు ఏడుందో నీ పెట్టె చెప్తదా?"

"గందుకే గదా రాత్రి పగలు నడిపిస్తున్న."

గప్పటిసంది ఆ పెట్టెను చూసుకునే పని ఆమె తన మీద ఏసుకున్నది. ఎండకాలం కరెంటు ఎప్పుడు పోతదో తెల్వదు. పక్కింట్ల బట్టలు కుట్టే ఖాలా "బిజ్లీ గయీ!" అని కేకేస్తె సాలు, అత్తమ్మ మోకాళ్ల నొప్పులు మర్చి లేస్తుండె. యూపీఎస్ కుయ్యిమని మొత్తుకుంటుంటె, నేను వంటింట్లకెల్లి వచ్చి లెక్కను ఆడికి ఆపి దాచిపెట్టేదాంక దాని ముందట నిలబడి, ఇసనకర్రతోని దానికి గాలి కొడుతుండె. చూసి మస్తు నవ్వుకుంటుంటిమి.

ఏప్రిల్‌ల ఒక పొద్దుగాల మొగులయ్య మామ వచ్చిండు. అత్తమ్మకు పెద్దన్న. గంప నిండ ముంజలు తెచ్చిండు, వాడిపోకుండ మీద తడిబట్ట కప్పి. వాళ్లది నల్లగొండ దిక్కు ఊరు. ఆ ఊరి బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటది. అత్తమ్మ చిన్ననాడు అవే తాగింది. పళ్లు గోధుమ రంగు, మోకాళ్లు వంకర. లగ్గమై పట్నం వచ్చింది గాబట్టి అంతటితోని బయటపడ్డది. మామ ఊర్లనే ఉన్నడు. ఆయన మెడ తిరగదు. పక్కనున్న మనిషిని చూడాల్నన్నా కూసున్న కాడ ఒళ్లంత తిప్పాలె.

మామ గట్లనే తిరిగి, ముంజ ఒలిచి డానియేలు చేతిల పెట్టిండు. "అల్లుడా, నా మనుమరాలి పళ్లు గూడ రంగు మారవట్టినయి. నీ మందు ఎప్పుడొస్తది?"

"మందు కాదు మామా, పొడి. డ్రమ్ముల పోసి నీళ్లు అండ్లకెల్లి దిగనిస్తం."

"ఏదైతేంది. ఎప్పుడు?"

"బడి తెరిచే నాటికి. ముందుగాల మీ ఊరి బడి కాడనే పెడుతం."

"ఊర్ల చెప్పుకోవచ్చునా?"

డానియేలు నా దిక్కు చూసి నవ్విండు. "చెప్పుకో మామా."

మామ లేచి, పోయేటప్పుడు డానియేలు తల మీద చెయ్యి పెట్టిండు. అత్తమ్మ అన్నను బస్సెక్కించుటానికి అఫ్జల్‌గంజ్ దాంక పోయింది. తిరిగొచ్చి గల్లీ మొత్తం చెప్పుకున్నది, ఖాలాతోని వచ్చీరాని ఉర్దూల గూడ. పుట్టింటికి ఏం పెట్టలేకపోయిన అనే బాధ ఆమెకు ఎప్పటిసందో ఉండె. ఇప్పుడు కొడుకు నీళ్లు పెడుతున్నడు.

డానియేలు ఉత్తగ మాటియ్యలే. ముందుగాల మూడు పాళ్లు మెగ్నీషియం, ఒక పాలు అల్యూమినియం పెట్టి చేసిండు. అది ఫ్లోరైడ్‌ను గుంజింది గాని సాలలే. అల్యూమినియం పెంచుకుంట పోయిండు. సగం సగం దాంక పోతె నీళ్లల్ల ఫ్లోరైడ్ మంచిగ తగ్గింది. పొడికి ఎక్స్‌రే తీపిస్తె పొరల గుర్తులు సక్కగ పడ్డయి. ట్రస్టోళ్లు ఖుషీ అయిండ్రు. పెద్దాఫీసర్లను పిలిచి ఊర్ల డ్రమ్ము మొదలువెట్టుటానికి రోజు గూడ అనుకున్నరు.

"నువ్వు ఒక్కొక్క పాలు లెక్క కడుతున్నవు గదా, నా సగం సగం గూడ ఎక్కించు" అన్నడొకనాడు అన్నం తినుకుంట. "నేను చేతితోని చేసింది నీ పెట్టె ఏమంటదో సూద్దాం."

నేను ఎక్కిస్తున్న వరుసల అది లేదు. ఆయన సంబరం చూసి వరుస తప్పించి ముందుగాల దాన్నే ఎక్కించిన. ఒక్కొక్క లెక్క దినాల తరబడి నడిచే మిషన్ అది.

లెక్క బాగలేకుండె. అల్యూమినియం అణువులు పక్కపక్కకు పడకుండ ఉంటెనే పొర నిమ్మలంగ ఉంటది. మూడిట్ల ఒకటి దాంకనైతె ఏ రెండూ ఆనుకోకుండ సర్దొచ్చు. సగం పెట్టినంక ఎట్ల సర్దినా ఆనుకుంటయి, ఒకదాన్నొకటి నూకుకుంటయి. నేను సర్దిన తీరు తప్పేమో అని ఇంకో తీరుగ సర్దిన. మళ్లొక తీరు. ప్రతిసారి అదే మాట: ఇంత అల్యూమినియం ఈ పొరల ఉండదు, బయటికొచ్చి వేరే ముద్దగ కూసుంటది.

మా గైడు ఉదయశ్రీ మేడమ్‌కు చూపించిన. ఆమె గుంటూరు మనిషి, మెల్లగ మాట్లాడుతది. కాయితాలన్నీ తిరగేసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"అణువుల మధ్య బలాలకి వేరే సూత్రాలు వాడి ఇంకోసారి చెయ్యి. నీ లెక్క తప్పయ్యుండొచ్చు."

"చేసిన మేడమ్. గట్లనే వచ్చింది."

"మరి ఆయన తీయించిన ఎక్స్‌రే?"

"ఒక తీరుగ పేర్చుకున్నదే ఎక్స్‌రేల కనవడతది. ఎక్కువైన అల్యూమినియం చిందరవందరగ ఉంటే దాని గుర్తు పడదు. ఆ ముద్ద గూడ ఫ్లోరైడ్‌ను పట్టుకుంటది, గందుకే నీళ్లు బాగైనట్టు కనవడ్డయి. కాని అది గట్టిగ కట్టుకున్నది కాదు మేడమ్. నీళ్లల్ల అల్యూమినియం కరుగుతుండొచ్చు."

ఆమె కళ్లద్దాలు మళ్ల పెట్టుకున్నది. "ఆయనకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"లెక్కని బట్టి మనం తీర్పు చెప్పలేం రూపా. ఆయన కొలిస్తే తేలిపోతుంది. చెప్పు. ఈ వారమే చెప్పు."

ఆదివారం చర్చికి పొయ్యొచ్చినంక డానియేలు మిద్దె మీదికెక్కిండు. అత్తమ్మ ఉప్పుల ఊరేసిన మామిడికాయ ముక్కలు చాప మీద ఎండుతుండె. అవి తిరగేస్తున్నడు. నేను పక్కకు కూసొని నేను గూడ తిరగేసుకుంట చెప్పిన. ముందుగాల నవ్విండు.

"నీ పెట్టెకు నా మీద కోపమేమో."

"నేను గూడ గట్లనే అనుకున్న. నాలుగు తీర్ల సర్ది చూసిన."

"ఎక్స్‌రే శుద్ధంగుంది గదా."

"కట్టడి లేనిది ఎక్స్‌రేల కనవడదు డానీ."

ఆ మాటకు ఆయన చెయ్యి ఆగింది. కెమిస్ట్రీ చదివినోనికి అంతకంటే ఎక్కువ చెప్పే పనిలేదు. ఒక ముక్క చేతిల పట్టుకొని కంచన్‌బాగ్ దిక్కు చూసుకుంట కూసున్నడు. జరసేపటికి, "నీళ్లల్ల ఫ్లోరైడే కొలిచిన నేను. అల్యూమినియం కొలవలే" అన్నడు. తనతోని తాను చెప్పుకున్నట్టు అన్నడు. కింద అత్తమ్మ అన్నానికి పిలుస్తుండె.

ఆ వారం ఆయన మామూలుగనే ఉన్నడు. కూరగాయలు తెచ్చిండు, అత్తమ్మ మోకాళ్లకు నూనె రాసిండు. నాతోని పని ముచ్చట మాత్రం ఎత్తలే, నేను అడగలే. శుక్రవారం పగటీలి ఎన్నడు రాని యాళ్లకు ఇంటికొచ్చిండు. చెప్పులు విడిచి, నల్లా కాడ చేతులు కడుక్కున్నడు. సబ్బు పెట్టి కడిగి, మళ్ల సబ్బు పెట్టి కడిగిండు. నేను తువ్వాల పట్టుకొని నిలవడ్డ.

"ఉంది" అన్నడు.

"బాగనా?"

"పిల్లలకు తాపే నీళ్లల్ల ఉండకూడనంత." తువ్వాల తీసుకొని తుడుచుకున్నడు. "అన్నం ఉందా?"

ఉందన్న. తిన్నడు. తిన్న పళ్లెం తనే కడిగి బోర్లిచ్చిండు.

మర్నాడు ట్రస్టు పెద్ద పరబ్రహ్మం గారు మా ఇంటికే వచ్చిండు. మంచి మనిషే. కాకినాడ దిక్కుకెల్లి వచ్చి సర్కారు నౌకరీ చేసి రిటైరై, ఊర్లకు మంచినీళ్లియ్యాలె అని పైసలున్నోళ్ల ఇండ్ల సుట్టు తిరిగేటాయన. అత్తమ్మ ఇచ్చిన నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టిండు.

"డానియేల్, కార్డులు కూడా అచ్చయ్యాయి. మనం చూపించాల్సింది ఫ్లోరైడ్ ఒక్కటే. అది తగ్గింది కదా?"

"తగ్గింది సార్."

"అల్యూమినియం సంగతి ఎవరైనా అడిగారా?"

"ఎవరు అడగలే సార్."

"మరి?"

"నేను కొలిచిన గదా సార్."

పరబ్రహ్మం గారు నేల దిక్కు చూసిండు. కోపం చెయ్యలే. "మొదలుపెట్టి, తర్వాత సరిచేసుకోవచ్చేమో ఆలోచించు" అన్నడు. "ఇప్పుడు ఆపితే మళ్లీ ఇచ్చేవాళ్లు ఉండరు నాయనా. నా వల్ల కాదు."

డానియేలు గల్లీ మలుపు దాంక పోయి ఆయనను కారెక్కించి వచ్చిండు. మేం ఆలోచించుకునేది ఏం లేకుండె. సోమవారం పొయ్యి, పొడి బాగలేదని రాసిచ్చి వచ్చిండు. ఆ నెలాఖరుకు ల్యాబుల ఆ పనే బందయింది, దాంతోని ఆయన కాంట్రాక్టు గూడ.

ఊరికి పోయి చెప్పాలె అన్నడు. "ఫోన్ల చెప్పే మాట కాదు." ముగ్గురం బస్సెక్కినం. అత్తమ్మకు బయలెల్లేటప్పుడు చెప్పినం, డ్రమ్ము ఇప్పుడు పెడుతలేం అని. "ఎన్నడు పెడుతరు మరి?" అన్నది. డానియేలు "సూద్దాం అమ్మా" అన్నడు.

ఊర్ల బడి కాడ డ్రమ్ముకోసం గద్దె కట్టి ఉండె. సిమెంటు గద్దె, సున్నం కొట్టి, సుట్టు ముగ్గేసి. దాని పక్కన మామ, ఇంకో నలుగురు పెద్దమనుషులు కూసొని ఉన్నరు. మమ్మల్ని చూసి డ్రమ్ము ఎన్క లారీల వస్తుందనుకున్నరు. డానియేలు గద్దె ఎక్కలే, దాని ముందట నిలవడి చెప్పిండు. పొడి ఫ్లోరైడ్‌ను పట్టుకుంటది గాని నీళ్లల్ల ఇంకోటి వదులుతుందని, అది తాగొద్దని.

మామ ఒళ్లంత తిప్పి ఆయన దిక్కు చూసిండు.

"ఇప్పుడు మేం తాగేదేంది అల్లుడా? అమృతమా?"

మామ మెడ మీద చెయ్యి పెట్టుకున్నడు.

"నా మెడ సూడు. ఆ పిల్లల కాళ్లు సూడు. నీదాంట్ల ఉన్నది గింతకంటె చెడ్డదా? ఆ మాట చెప్పు, లేచి పోత."

"తెల్వదు మామా" అన్నడు. "ఈ నీళ్లు ఏం చేస్తయో మీకు తెలుసు. అది ఏం చేస్తదో నాకు తెల్వదు. తెల్వకుండ నా చేతితోని పిల్లలకు తాపలేను."

"మరి చెప్పుకొమ్మని ఎందుకన్నవు?"

ఎవరో ఒకాయన "పోనియ్యి మొగులన్నా, సదువుకున్నోళ్లు ఏదో తెలిసే చెప్తున్నరు" అన్నడు. మామ లేచి ఇంటికి పోయిండు. ఎన్కకు తిరిగి చూడాల్నంటే ఆగి ఒళ్లంత తిప్పాలె గదా, ఆగలే. మేం ఆయన ఇంట్ల అన్నం తిని పోదామని వచ్చినం. ఎవరూ రమ్మనలే. బస్సు కోసం ఎండల నిలవడ్డం.

బస్సుల అత్తమ్మ కిటికీ పక్కకు కూసున్నది. చౌటుప్పల్ దాటినంక అడిగింది, "అల్యూమినం సంగతి ఎవరు పట్టిన్రు?"

"నేనే అమ్మా" అన్నడు డానియేలు, ముందటి సీట్లకెల్లి తిరిగి.

"కాదు అత్తమ్మా. పెట్టెల ముందుగాల చూసింది నేను" అన్న. దాచే ముచ్చట కాదనిపించింది నాకు. ఆయన కొలిచి తేల్చిండు గాని, కొలిచేటట్టు చేసింది నేను.

అత్తమ్మ నా మొఖం దిక్కు సక్కగ చూసింది. ఆ చూపుల కోపముంటె బాగుండు. కొత్తగ చూసినట్టు చూసింది, ఎవరింటి పిల్లనో అన్నట్టు. మళ్ల కిటికీ దిక్కు తిరిగింది.

ఇంటికొచ్చినంక ఆమె ఏ లొల్లీ చెయ్యలే. వంటల ఉప్పు తప్పలే, నన్ను "బిడ్డా" అని పిలుచుడు మానలే. మర్నాడు పొద్దున్నె తన మంచం వసారాలకు ఏయించుకున్నది. "ఆడ గాలి మంచిగొస్తది" అన్నది. కూలర్ అర్రల ఉండె, ఆమె బయట. కరెంటు పోతె ఖాలా కేకేసేది, యూపీఎస్ మొత్తుకునేది, అత్తమ్మ వసారాల బియ్యం ఏరుకుంట కూసునేది. ఆమెకు వినబడలేదనుకొని ఒకటి రెండుసార్లు నేనే గట్టిగ "కరెంటు పోయిందా అత్తమ్మా?" అని అడిగిన. "పోయినట్టుంది" అన్నది. తల ఎత్తలే.

డానియేలు కొన్ని దినాలు నౌకరీకోసం తిరిగిండు. కాంట్రాక్టు ఎందుకు ఆగిందని అడిగినోళ్లకు ఉన్నదున్నట్టు చెప్పిండు. విన్నోళ్లు మెచ్చుకున్నరు, నౌకరీ మాత్రం ఇయ్యలే. వానలు పడేయాళ్లకు అఫ్జల్‌గంజ్‌ల రామ్‌చందర్ సేట్ దుకాణంల కుదిరిండు. కాలేజీలకు, ల్యాబులకు గాజు సామాను, మందులు అమ్మే దుకాణం. పొద్దున షట్టర్ తీసుడు, సాయంత్రం ఏసుడు. జీతం ల్యాబు కంటె కొంచెం ఎక్కువనే. ఇంట్ల ఆ సంగతి చెప్పుకొని ఎవరం సంబరపడలే.

నేను వరుస తప్పించిన కాడికెల్లి మళ్ల నా లెక్కలు మొదలు పెట్టిన. హద్దు లోపలనే ఉండి గుంజుడు ఎట్ల పెంచాలె అన్నది మిగిలిన ప్రశ్న. వరుసల తర్వాత రాసుకున్నట్టే అల్యూమినియంల కొంత తీసి, ఆ జాగల ఇనుము పెట్టి చూసిన. ఇనుము అణువు జర పెద్దది. పొర చిరుగుతదేమో అనుకున్న. చిరగలే. పొరల నడుమ సందు జర పెరిగింది, ఫ్లోరైడ్ ఆ సందుల మంచిగ ఇమిడింది. సగం సగం పొడి ఎంత గుంజిందో ఇంచుమించు అంత గుంజుతదని తేలింది, అంత అల్యూమినియం లేకుండనే. నేను నమ్మలే. మూడు తీర్ల సర్ది మళ్ల చూసిన. అదే మాట. ఉదయశ్రీ మేడమ్ ఇంటికే తీస్కపోతె, ఆమె కాయితాలు చూసి, "ఇది చెయ్యగలిగితే చాలమ్మా" అన్నది. నాకు కాళ్లు భూమ్మీద ఆగలే. బస్సు కోసం సుత ఆగకుండ ఆటోల వచ్చిన.

ఆనాడు ఆదివారం. బయట వాన పడుతుండె. డానియేలు వసారాల అత్తమ్మ మంచం పక్కకు కూసొని గోకరకాయలు తుంచుతున్నడు. అత్తమ్మ పండుకొని ఉండె, నిద్రపోయిందో లేదో తెల్వదు. కాయితాలు ఆయన ముందట పెట్టి చెప్పిన. చేతులు తడిగున్నయని ముట్టుకోకుండనే చదివిండు, నేను పుటలు తిప్పుతుంటె. మంచిగ చదివిండు. ఆఖరి పుట దగ్గర ఒక ప్రశ్న అడుగుతడేమో అని చూసిన. ఆయన కండ్లల్ల ఆ ప్రశ్న వచ్చినట్టే వచ్చింది.

"మంచిగుంది రూపా" అన్నడు. "పేపర్ రాయి."

"నువ్వు చేసి చూడరాదు? మేడమ్ యూనివర్సిటీ ల్యాబుల జాగ ఇస్తనన్నది. సేట్‌ను అడిగి శనివారాలు..."

"ఇంకెవరన్న చేస్తరులే."

"ఇది నీది డానీ. నువ్వు చేసినట్టు ఇంకొకరు చెయ్యలేరు."

గోకరకాయ పీచు తీసి పక్కకు పెట్టిండు. "ఇది ఏప్రిల్‌ల వచ్చి ఉంటె" అని, ఆపిండు. ఏప్రిల్‌ల అది రాకుండ పోవుటానికి కారణం ఇద్దరికీ తెలుసు. ఆ జాగల మిషన్ మీద ఆయన సగం సగం నడుస్తుండె, ఆయన అడిగిందే, నేను ఎక్కించిందే. వరుసగ పోయి ఉంటె ఇనుము ముందుగాల వచ్చేది. అప్పుడు సగం సగం సంగతి ఎప్పటికీ తెల్వకపోయేదేమో, ఆ పొడితోనే డ్రమ్ము ఊర్లకు పొయ్యేదేమో. ఎటు దిక్కు నుంచి చూసినా ఆ లెక్క నాకు ఇప్పటికీ తెగదు.

"మల్ల మామ ముందటికి పోయి, ఈసారి నిజంగనే వస్తది అని నేను చెప్పలేను" అన్నడు. కోపంగ కాదు, బట్టలు ఆరలేదు అన్నట్టు చెప్పిండు. మంచం మీద అత్తమ్మ అటు దిక్కు ఒత్తిగిల్లింది.

పేపర్ అచ్చయింది. వేరే రాష్ట్రంల ఎవరో దాన్ని చదివి పొడి చేసి చూసిండ్రట, లెక్క చెప్పినట్టే వచ్చిందని మేడమ్‌కు రాసిండ్రు. కొన్నేండ్లకు మామ ఊరికి పైపుల కృష్ణా నీళ్లు వచ్చినయి. పొడితోని పని పడలే. అప్పటికి మామ లేడు. ఆయన పోయినప్పుడు అత్తమ్మ ఒక్కతే పోయింది, మేం వస్తమంటె "వద్దులే, పనులున్నయి గదా మీకు" అన్నది. వచ్చినంక ఆ ఊరి ముచ్చట మా ముందట తీయలే.

నా వైవా మాత్రం అంతకంటె ముందుగాల, రెండు వేల నాలుగు చలికాలంల అయింది. డానియేలు దుకాణానికి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా ఏసుకొని వచ్చి ఎన్క వరుసల కూసున్నడు. నేను బోర్డు ముందట పొరలు గీసి, అల్యూమినియం ఏడ పెట్టొచ్చు, ఏడ పెట్టొద్దు చెప్తుంటె కండ్లు తిప్పకుండ విన్నడు. అయినంక సమోసాలు, చాయ్ పెట్టిండ్రు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, పెద్ద వయసాయన, చాయ్ కప్పు పట్టుకొని డానియేలు దగ్గరికొచ్చిండు.

"చాలా శ్రద్ధగా విన్నారు. మీదీ ఇదే సబ్జెక్టా?"

"కాదు సార్" అన్నడు డానియేలు. "నాది దుకాణం. అఫ్జల్‌గంజ్‌ల."

"ఓహో. మంచిది, మంచిది" అన్నడాయన.

నేను రెండడుగుల దూరంల ఉన్న. కాదు, ఈయనే ఈ పొడి చేసింది, ఈయనే దాన్ని ఆపింది అని చెప్పుటానికి నోరు తెరిచిన. డానియేలు నా దిక్కు చూసి తల అడ్డంగ ఊపిండు, చిన్నగ, ఎవరికీ కనబడనంత. ఇంతల ఫోటోకు రమ్మని మేడమ్ పిలిచింది. ఆయన నా చేతిల ఉన్న కప్పు తీసుకొని, పొమ్మన్నట్టు సైగ చేసిండు.

చీకటి పడుతుంటె స్కూటర్ మీద ఇంటికి బయలెల్లినం. ఈసామియా బజార్ కాడ పూలు కొన్నడు. నయాపూల్ ఇంక దాటుతమనంగ అఫ్జల్‌గంజ్‌ల బండి పక్కకు ఆపిండు. "ఒక్క నిమిషం. ఇయ్యాల దుకాణం పిలగాడు షట్టర్ ఏసిండు, తాళం సరిగ్గ పడ్డదో లేదో" అని సందులకు పోయిండు. నేను ఒక చేత్తో బండి హ్యాండిల్, ఇంకో చేత్తో పూల పొట్లం పట్టుకొని రోడ్డు పక్కకు నిలవడ్డ. అంత దూరం నుంచి షట్టర్ తాళాన్ని ఆయన ఒకసారి గుంజి చూసుడు, మళ్లొకసారి గుంజి చూసుడు కనవడ్డది.